గడువు తీరిన కుకీ

మా కంబదూరు మదరసాలో పిల్లల మార్కుల పేజీ తెరుచుకునేది గానీ, అన్నీ ఎక్కించి సేవ్ నొక్కగానే మళ్ళీ పాస్‌వర్డ్ అడిగేది. శ్రమంతా వృథా. పెద్దవారైన హాఫిజ్ సాబ్ ఏదో తప్పు నొక్కుతున్నారని మేము విసుక్కున్నాము కూడా.

ఆ పీహెచ్‌పీ స్క్రిప్టు వ్రాసిన మా పూర్వ విద్యార్థి వచ్చి చూడగా దోషం తేలింది. లాగిన్ కుకీకి ఒక గంట గడువు ఇవ్వాలని 3600 అని మాత్రమే వ్రాశాడట. సెట్‌కుకీ ఆ అంకెను 1970 జనవరి 1 నుండి సెకన్లుగా లెక్కిస్తుంది. అనగా కుకీ పుట్టకముందే గడువు తీరింది! ప్రస్తుత సమయాన్నిచ్చే టైమ్ ఫంక్షన్‌కు 3600 కలపగానే సరిపోయింది. గడువు అసలే వ్రాయకుంటే సాధారణంగా బ్రౌజరు మూయగానే కుకీ పోతుంది. మీ ఇంట ఇటువంటివి వ్రాసే పిల్లలుంటే ముందుగా ఈ వరుసనే చూడమనండి.

సాయంత్రం హాఫిజ్ సాబ్‌ను క్షమాపణ కోరాము. ఆయన అప్పటికే మార్కులు మళ్ళీ ఎక్కిస్తున్నారు.