పాత ఆటలు – కొత్త యంత్రములు

పిల్లల చదువు చెరచునదని పేరుపడిన కంప్యూటరు ఆటను గ్రంథముతో సమముగా భద్రపరుపవలెనన్నచో ఉపాధ్యాయ మిత్రులు కొందరు బొమముడి వేయవచ్చును. అయినను నేను చెప్పదలచినది ఆ మాటయే.

1989లో జోర్డన్ మెక్నర్ అను అమెరికా యువకుడు ఆపిల్ టూ యంత్రము కొరకు ‘ప్రిన్స్ ఆఫ్ పర్షియా’ అను ఆటను నిర్మించెను. తన తమ్ముడు పరుగెత్తుచుండగా, దూకుచుండగా చలనచిత్రము తీసి, ఆ కదలికలను ఒక్కొక్క బొమ్మగా తెరమీదికి దించెను. 60 నిమిషములలో రాకుమారిని విడిపింపవలసిన ఆ వీరుని నడకలో నిజమైన మనిషి కనబడుటకు కారణమిదియే. ఇంతటి శ్రద్ధతో చేసిన పనిని కళ అనక మరేమందుము?

ఆ ఆట పిమ్మట డాస్ వ్యవస్థకును వచ్చినది. ఆ ప్రతిని నేటి 64 బిట్ల విండోసులో నేరుగా తెరవబోయినచో తెరచుకొనదు. దోషము ఆటది కాదు. ఆ కాలపు ఆటలు తెరతోను, సౌండ్ కార్డుతోను నేరుగా వ్యవహరించెడివి. నేటి వ్యవస్థ ఏ ప్రోగ్రామునకును అంత చనువు ఇయ్యదు. పైగా ఆ 16 బిట్ల ప్రోగ్రాములను అది నడుపనే నడుపదు. మరికొన్ని ఆటలు యంత్రపు వేగమునే గడియారముగా నమ్ముకొన్నవి. వేగము హెచ్చిన యంత్రములో అవి రెప్పపాటులో ముగిసిపోవును.

ఈ చిక్కునకు విరుగుడుగా 2002లో డాస్‌బాక్స్ అను ఉచిత ప్రోగ్రాము వెలువడినది. అది ఆటను మార్చదు. ఆట చుట్టును పాత యంత్రమును కల్పించి, వేగమును కూడ ఆనాటి స్థాయికి తగ్గించును. నాటకమును ముట్టుకొనక రంగస్థలమును తిరిగి కట్టుట వంటిది ఈ పని.

తాటాకు చివుకక మునుపే మరొక తాటాకునకు ఎత్తి వ్రాసినందువలననే మన ప్రాచీన గ్రంథములెన్నో దక్కినవి. అయితే తాటాకును లిపి యెరిగినవాడెవడైనను చదువగలడు. ఆటకు తగిన యంత్రము లేనిచో ఎంత భద్రముగా దాచినను మూగయే. మెక్నర్ వ్రాసిన మూలమే చాలకాలము కనబడక, 2012లో ఆయన తండ్రి ఇంట ఒక పెట్టెలో దొరికినది. ఆ డిస్కులను చదువుటకు పాత యంత్రములెరిగిన నిపుణులు పూనుకొనవలసి వచ్చెను.

నిపుణులున్నను చట్టము అడ్డుపడుచున్నది. అమెరికాలో 2010కి ముందు వెలువడిన ఆటలలో 87 శాతము అంగడిలో దొరకుట లేదని 2023లో వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ లెక్క తేల్చినది. గ్రంథాలయ ప్రాంగణము వెలుపలి పరిశోధకులకు వాటిని చూపుటకు అనుమతి కోరగా, అచటి ప్రభుత్వము 2024లో నిరాకరించినది. నేను దొంగప్రతులను సమర్థించుట లేదు. కర్తకు ప్రతిఫలము ముట్టవలసినదే. కాని తాము అమ్మక, ఒరులను చూడనీయక తాళము వేసి కూర్చుండుటవలన కర్తకు ఒరుగునదేమి?

ఇది పరదేశపు గొడవ అని మనము ఊరకుండరాదు. యూనికోడ్ వాడుకలోనికి రాకమునుపు పాత ఫాంట్లలో కూర్చిన తెలుగు పాఠములు, ఆ ఫాంటు లేని యంత్రములో తెరచినచో అర్థము లేని గుర్తులుగా కనబడును. ఆటకు పట్టిన గతియే అక్షరమునకును పట్టుచున్నది.

కంప్యూటరు బోధించు ఉపాధ్యాయులు చట్టబద్ధముగా లభించు పాత ఆట నొకదానిని తరగతిలో విద్యార్థులచేత నడిపింపజేయుదురు గాక. అది ఏల తెరచుకొనలేదో, ఏ ఉపాయముచే తెరచుకొన్నదో వారు తెలిసికొందురు. ఆట తెరచుట నేర్చిన చేతులే రేపు మన పాత పాఠములను కూడ తెరువగలవు.