చెరిపేసిన గడియారం

1910లో పీగన్ తెగకు చెందిన తండ్రీకొడుకులు తమ గుడారంలో కూర్చుని ఉండగా అమెరికన్ ఫోటోగ్రాఫర్ ఎడ్వర్డ్ కర్టిస్ ఒక ఫోటో తీశాడు. నెగెటివ్‌లో ఇద్దరి మధ్యా ఒక అలారం గడియారం ఉంది. పుస్తకంలో అచ్చయిన బొమ్మలో అది లేదు. చెరిపేశారు. ఆదివాసీ గుడారంలో గడియారం టిక్కుటిక్కుమంటూ ఉంటే కర్టిస్ చెప్పదలచిన కథ నిలవదు మరి.

ఆ కథ ‘అంతరిస్తున్న జాతి’. 1904లో తాను తీసిన నవాహో రౌతుల చిత్రానికి ఆయన పెట్టిన పేరు కూడా అదే. బ్యాంకరు జె.పి. మోర్గాన్ పెట్టిన డబ్బుతో మొదలై 1907 నుంచి 1930 దాకా ఆయన ఫోటోల పుస్తకం ఇరవై సంపుటాలుగా వచ్చింది. కర్టిస్ పోయి డెబ్బై ఏళ్ళు దాటినా ఆ పల్లవి మాత్రం పోలేదు. మారుమూల ప్రాంతాల ఆదివాసుల పాత ఫోటోలు ఎక్కడ ప్రదర్శనకు పెట్టినా అదే మాట: బయటి గాలి సోకని మనుషులు, కనుమరుగయ్యే ముందు కెమెరాకు చిక్కిన చివరి ఆనవాళ్ళు. చూసేవాళ్ళు నిట్టూరుస్తారు. ఆ నిట్టూర్పులో సానుభూతి ఉంది, కాదనలేం. కానీ ఫోటోలో ఏముందో చూసే ఓపికే లేదు.

సినిమా కూడా అదే దారి పట్టింది. 1922లో రాబర్ట్ ఫ్లాహర్టీ తీసిన ‘నానూక్ ఆఫ్ ది నార్త్’లో ఇన్యూట్ వేటగాడైన హీరో గ్రామఫోన్ రికార్డును కొరికి చూస్తాడు, పాపం అదేమిటో తెలియదన్నట్టు. ఆ పాత్ర వేసిన అల్లాకారియాల్లాక్‌కు గ్రామఫోన్ అంటే తెలుసు. ఆయన తుపాకీతో వేటాడే మనిషి, కెమెరా ముందు మాత్రం బల్లెం పట్టాడు. సినిమాకు పెట్టుబడి పెట్టింది రెవిలాన్ ఫ్రేర్ అనే బొచ్చు వ్యాపార కంపెనీ. బయటి ప్రపంచం తాకని మనిషి కథకు, ఆ మనుషుల దగ్గర తోళ్ళు కొని బతికే కంపెనీ సొమ్ము!

ఇక కెమెరా ఎప్పుడూ బయటివాడి చేతిలోనే ఉండేదన్న నమ్మకం సంగతి. కెనడాలోని యూకాన్‌లో టెస్లిన్ అనే ఊరుంది. అక్కడి ట్లింగిట్ వేటగాడు జార్జ్ జాన్‌స్టన్ కెమెరా తెప్పించుకుని, దశాబ్దాల పాటు తనవాళ్ళ ఫోటోలు తీశాడు. వేట నుంచి వచ్చినవాళ్ళు, పిల్లలు, ముస్తాబై నిలబడ్డ కుటుంబాలు వాటిలో కనిపిస్తారు. బొచ్చు అమ్మగా వచ్చిన డబ్బుతో 1928లో ఆయన షెవ్రొలే కారు కొన్నాడు. ఊరికి రోడ్డు లేదు. కారు స్టీమరు మీద వచ్చింది. రోడ్డు లేకపోతే ఏం, కొన్ని మైళ్ళు ఆయనే వేసుకున్నాడు. చలికాలంలో గడ్డకట్టిన టెస్లిన్ సరస్సు మీద కారు నడిపాడు. మంచులో జంతువుల కంటబడకుండా దానికి తెల్లరంగు పూసి వేటకు వెళ్ళాడు. జనాన్ని ఎక్కించుకుని టాక్సీగానూ తిప్పాడు. అలాస్కా హైవే ఆ ఊరికి వచ్చింది 1942లో, అంటే కారు వచ్చిన పద్నాలుగేళ్ళకు. ‘ఆధునికత వచ్చి అమాయక లోకాన్ని కూల్చేసింది’ అనే కథలో ఈ కారును ఎక్కడ పెడతారు? అందులో జాన్‌స్టన్‌కు చోటు లేదు. అందుకే కర్టిస్ పేరు తెలిసినంతమందికి ఈయన పేరు తెలియదు.

బాఫిన్ దీవిలోని ఇన్యూట్ మనిషి పీటర్ పిట్సియోలక్ కథ కూడా ఇలాంటిదే. 1940లలో ఆయన, భార్య ఆగ్గియోక్ కలిసి ఇగ్లూలోనే ఫిల్ము కడిగేవారు. ఎర్రగుడ్డ చుట్టిన టార్చిలైటే వాళ్ళ డార్క్‌రూమ్ దీపం. ఆ నెగెటివ్‌లు వెయ్యికి పైగా ఇప్పుడు కెనడా జాతీయ మ్యూజియంలో ఉన్నాయి.

‘అంతరించడం’ అనే మాట ఇంకో పని కూడా చేస్తుంది. నేరాన్ని ప్రకృతి మీదకు నెట్టేస్తుంది. 1950 చలికాలంలో ఉత్తర కెనడాలోని పాడ్లే ప్రాంతంలో ఆకలితో మాడుతున్న ఇన్యూట్‌లను ఫోటోగ్రాఫర్ రిచర్డ్ హారింగ్టన్ ఫోటోలు తీశాడు. ఆ ఏడు వాళ్ళు వేటాడి తినే కారిబూ జింకల మందలు అటు రాలేదు, నిజమే. కానీ చావుకు దగ్గరైన ఒక స్త్రీ ఒంటి మీద ప్రభుత్వపు గుర్తింపు బిళ్ళ కనిపిస్తుంది. 1941 నుంచి కెనడా ప్రభుత్వం ఇన్యూట్‌లకు నంబర్లు వేసి ఇచ్చిన బిళ్ళ అది. ఆమె ప్రభుత్వ లెక్కల్లో ఉంది, తిండి మాత్రం ఆమె దాకా చేరలేదు. అలాంటి ఫోటోను ‘కఠిన ప్రకృతితో ఆదిమ మానవుడి పోరాటం’ అనడం ఆ ప్రభుత్వాన్ని ఫ్రేములోంచి తప్పించడమే.

కర్టిస్ వంటివాళ్ళు తీయకపోతే ఈమాత్రమైనా మిగిలేదా అని అడిగేవాళ్ళున్నారు. న్యాయమైన ప్రశ్నే. ఆ బొమ్మల్లో తమ తాతముత్తాతల్ని వెతుక్కునే వారసులు ఇవాళ ఎందరో. అయితే వాళ్ళు వెతికేది అంతరించినవాళ్ళను కాదు, చుట్టాలను. 2000ల తొలి ఏళ్ళలో కెనడా జాతీయ ఆర్కైవ్స్‌తో కలిసి ఇన్యూట్ విద్యార్థులు ‘ప్రాజెక్ట్ నేమింగ్’ మొదలుపెట్టారు. పేర్లు లేని పాత ఫోటోలను కంప్యూటర్లలో పెట్టుకుని ఊళ్ళలోని పెద్దలకు చూపించారు. పెద్దలు ఎందరినో గుర్తుపట్టారు. ‘ఎస్కిమో స్త్రీ’ స్థానంలో ఒక మనిషి పేరు చేరింది.

తెలుగువాళ్ళకూ ఇందులో పని ఉంది. 1940లో కొమురం భీమ్‌ను చంపిన తర్వాత, గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోవడానికి నిజాం ప్రభుత్వం మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్‌ను ఆదిలాబాద్ పంపింది. ఆయన మర్లవాయిలో మకాం పెట్టి తీసిన ఫోటోలు ఇప్పుడు లండన్‌లోని ఒక విశ్వవిద్యాలయ ఆర్కైవ్‌లో ఉన్నాయి. వాటిని చూడాల్సింది అడవి అందాల కోసం కాదు. భూములు పోగొట్టుకుంటున్న రైతులు ఎవరు, ఏ ఊరివాళ్ళు, ఎవరి పొలంలో పనిచేస్తున్నారు అన్నది చెప్పగలిగినవాళ్ళు ఆ ఊళ్ళలోనే ఉన్నారు. ఆ రోజుల్లో మర్లవాయి బడికి వెళ్ళిన పిల్లలకు ఇప్పుడు ఎనభై, తొంభై ఏళ్ళు. ప్రింట్లు పట్టుకుని వాళ్ళ దగ్గరికి వెళ్ళడానికి పెద్ద బడ్జెట్ కూడా అక్కర్లేదు.