కార్లు లేని ఊరికి కెమెరాతో

పోయినేడు ప్రాజెక్టు పని మీద 3 నెలలు కౌలాలంపూర్‌లో ఉన్నాను. ఒక ఆదివారం క్లాంగ్ రేవు దాకా లోకల్ రైల్లో వెళ్లి, అక్కడ ఫెర్రీ ఎక్కి పులావ్ కెతామ్‌లో దిగాను. మలయ్ భాషలో ఆ పేరుకి పీతల దీవి అని అర్థం. బురద, మడచెట్లు, బురదలో దిగేసిన స్తంభాలు, వాటి మీద చేపలు పట్టేవాళ్ల ఊరు. కార్లు లేవు. సాయంత్రానికి 300 పైచిలుకు ఫొటోలు తీశాను. వాటిలో తొమ్మిది ఏరి, ‘కాలం ఆగిపోయిన చోటు’ అని రాసి పోస్ట్ చేశాను.

ఈ వ్యాసం ఆ మూడు మాటల మీద ఫిర్యాదు. రాసింది నేనే, కానీ మాటలు నావి కావు. మన ట్రావెలాగుల్లో, ఫొటో వ్యాసాల్లో తెగ తిరిగి అరిగిపోయిన సరుకు అది.

అసలు అక్కడ కార్లు ఎందుకు లేవు? వాళ్లేదో నిరాడంబర జీవితాన్ని ఎంచుకున్నారని కాదు. పోటు వస్తే నీళ్లు ఇళ్ల కిందికి వచ్చేస్తాయి. రోడ్డు వేయడానికి నేల లేదు. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో చైనా నుంచి వచ్చిన జాలర్లు చేపలకి దగ్గరగా ఉండాలని ఈ బురదని ఇల్లు చేసుకున్నారు. ట్రాఫిక్‌లో రోజూ రెండు గంటలు పోగొట్టుకునేవాడికి ‘కార్లు లేవు’ అన్నది ఒక వరంలా వినబడుతుంది. ఆ ఊరిని మనకి లేనిదాంతో కొలిచి, దానికే ఊరి పేరు పెట్టేస్తున్నాం.

ఇక కాలం ఆగిపోవడం సంగతి. ఆ ఇరుకు సందుల్లో ఎలక్ట్రిక్ బళ్లు ఈగల్లా తిరుగుతుంటాయి. నేను ప్రతిసారీ అవి దాటిపోయేదాకా ఆగి, సందు ఖాళీ అయ్యాక క్లిక్ కొట్టాను. చెక్క స్తంభాలున్న ఇళ్లే వెతికాను, సిమెంటు స్తంభాలని వదిలేశాను. ఆటు సమయంలో ఇళ్ల కింద బయటపడే ప్లాస్టిక్ సీసాలని కింద నుంచి క్రాప్ చేశాను. ఒడ్డుకి దూరంగా నీళ్లలో తేలే పంజరాల్లో చేపలు పెంచుతారు. అది పెట్టుబడీ మేతా ధరలూ ఉన్న వ్యాపారం కాబట్టి నా ‘కాలం’లో ఇమడలేదు. కాలం ఆగలేదు, నేను ఆపాను.

అన్నిటికంటే ఎక్కువ లైకులు వచ్చిన ఫొటో గురించి కూడా చెప్పాలి. గాలి కోసం తలుపు బార్లా తీసి, కుర్చీలో బనీనుతో కునుకు తీస్తున్న ముసలాయన, వెనక గోడకి ఎర్రటి దేవుడి అర. సందులో నిలబడి జూమ్ చేసి తీశాను. కింద ఎవరో ‘ఎంత ప్రశాంతత!’ అని రాశారు. మరుక్షణం లోపల్నుంచి ఒకావిడ వచ్చింది. నన్ను చూసింది. ఏమీ అనకుండా తలుపు దగ్గరగా వేసేసింది. ఆ ఉక్కలో వాళ్లకి ఆ గాలి నా వల్ల పోయింది.

ఫొటో అంటే సర్వే రిపోర్టు కాదు కదా, అందం చూడ్డం కూడా తప్పేనా అని నా స్నేహితుడు అడిగాడు. పైగా టూరిస్టులు వస్తేనే కదా అక్కడి హోటళ్లు నడిచేది అన్నాడు. నిజమే. కానీ హోటల్లో పీతల కూరకి డబ్బిచ్చాను, ముసలాయన నిద్రకి ఇవ్వలేదు, అడగనూ లేదు. అందం సంగతికొస్తే, ఖాళీ సందు కంటే చేపల బుట్ట కట్టుకుని వంకర తిరిగే ఎలక్ట్రిక్ బండి ఏం తక్కువ అందం?

మా అమ్మమ్మ వాళ్లది ఉప్పాడ. అక్కడ సముద్రం ఏళ్లుగా ఊరిని కోసుకుపోతోంది. తుఫాను వచ్చినప్పుడల్లా రీల్స్ తీసేవాళ్లు దిగుతారు. కూలిన గోడ మీద కెరటం లేచే దృశ్యం, వెనక ఏదో విషాద సంగీతం. అవి చూసి నేను తిట్టని తిట్టు లేదు. అదే పనిని సముద్రం దాటి వెళ్లి చేశాక గానీ నాకు అర్థం కాలేదు, ఆ తిట్లు తగలాల్సిన వాళ్లలో నేనూ ఉన్నానని.

ఏనుగుల వీరాస్వామయ్య 1830లో కాశీయాత్రకి బయల్దేరాడు. పల్లకీలో, పరివారంతో వెళ్లిన కలిగినవాడే. అయినా ఏ మజిలీలో అంగళ్లున్నాయి, నీళ్లెలా ఉన్నాయి, దారెలా ఉంది అని ఓపిగ్గా రాసుకున్నాడు. ఊళ్లో జనం ఎలా బతుకుతున్నారో కనుక్కోవడం ఆయనకి యాత్రలో భాగం. దాదాపు రెండు వందల ఏళ్ల తర్వాత, ఇంత పెద్ద లెన్సు చేతిలో పెట్టుకుని మనం రాస్తున్నది ‘అమాయకపు చిరునవ్వులు’.

ముసలాయన ఫొటో తీసేశాను. మిగతా ఎనిమిదింటి కింద నాకు తెలిసినంతలో ఇది ఏమిటి, ఎవరి పని, ఎందుకిలా ఉంది అని రాశాను. సిమెంటు స్తంభాలవీ, ఎలక్ట్రిక్ బళ్లవీ ఇంకో నాలుగు కలిపాను. లైకులు పెద్దగా రాలేదు. ఒకరు మాత్రం పంజరాల్లో ఏ చేపలు పెంచుతారని అడిగారు. నాకు జవాబు తెలియలేదు. రోజంతా ఆ ఊళ్లో ఉండి, ఎవరినీ అడగలేదు.