అమ్మ చాట ఫొటో, పక్కన నాలుగు తెలుగు వాక్యాలు

బడి పిల్లలు ఫోనుల్లో పెడుతున్నవి చూస్తే ప్రధానంగా రెండు రకాలు కనబడతాయి. ఒకటి తాము గీసిన బొమ్మ, వేసిన ముగ్గు, రాసిన నాలుగు పంక్తుల కవిత. రెండోది 'నా బ్యాగులో ఏముందో చూడండి' అనే తరహా వీడియో. పెన్ను, జామెట్రీ బాక్సు, స్కెచ్ పెన్నులు, నీళ్ల బాటిలు ఒక్కొక్కటే తీసి చూపించడం. సొంత ఫోను ఉన్న పిల్లలు మన బడుల్లో తక్కువే. నాన్న పని నుంచి వచ్చాక ఆయన ఫోనులోనో, అమ్మ వాట్సాప్ స్టేటస్‌లోనో పెడుతున్నారు. దీన్ని మాన్పించండి సార్ అని తల్లిదండ్రులు అడుగుతున్నారు. మాన్పించడం కంటే దారి మళ్లించడం మేలని మా అభిప్రాయం.

మన పిల్లలకు తెలుగు చెవిన పడే భాష, కంట పడే భాష కాదు. బస్సు బోర్డు హోసూరులో తమిళం, బళ్లారిలో కన్నడం, షోలాపూర్‌లో మరాఠీ, రాయగడలో ఒడియా. యానాం పిల్లల సంగతి వేరు, అక్కడ వీధిలోనూ తెలుగే. మిగతా చోట్ల తెలుగు పీరియడు అయిపోతే లిపి కూడా అయిపోయినట్టే. అలాంటి పిల్ల తన బొమ్మ కింద ఒక మాట రాసి అత్తకో, ఊళ్లో తాతయ్యకో పంపిందంటే, మార్కులు వేయని మనిషి కోసం ఆమె తెలుగు రాయడం బహుశా అదే మొదటిసారి. కానీ ఆ మాట ఇంగ్లిషు అక్షరాల్లో ఉంటోంది. 'పి ఏ టి ఏ' అని కొడితే అది పాటా, పాతా, పట్టా? చదివేవాడు ఊహించుకోవాలి. బళ్లారి వైపు పిల్లలు కొందరు కన్నడ అక్షరాల్లో తెలుగు రాసేస్తారు. అది కొంత నయం, గుణింతమైనా దక్కుతుంది. రాజ్యాంగం 29వ అధికరణం భాషనూ సంస్కృతినీ మాత్రమే కాదు, లిపిని కాపాడుకునే హక్కును కూడా పేరు పెట్టి చెప్పింది. ఆ హక్కు కోసం అర్జీలు పెట్టే మనం, ఇంట్లో ఉన్న ఫోనులో తెలుగు కీబోర్డు పెట్టుకోకపోవడం ఏం బాగుంటుంది?

పెట్టుకోవడం అయిదు నిమిషాల పని. ఆండ్రాయిడ్ ఫోనులో జీబోర్డు సెట్టింగుల్లో భాషల దగ్గర తెలుగు చేర్చుకోవాలి. అక్కడ ఇంగ్లిషు అక్షరాలు కొడితే తెలుగుగా మారే పద్ధతి ఉంటుంది, నేరుగా తెలుగు అక్షరాల పలక ఉంటుంది, వేలితో తెర మీద రాస్తే గుర్తుపట్టే ఏర్పాటూ ఉంటుంది. పెద్దలు మొదటిదాన్ని ఇష్టపడతారు. అయిదో తరగతి లోపు పిల్లలకు మాత్రం వేలిరాతే ఇవ్వమని మా సలహా. ఒత్తు ఎక్కడ పడుతుందో, దీర్ఘం ఎటు తిరుగుతుందో చేతికి అలవాటవుతుంది. పెద్ద పిల్లలు అక్షరాల అందం మీద మోజు పడితే గిడుగు, గురజాడ, మండలి, రామభద్ర పేర్లతో యూనికోడ్ ఖతులు ఉచితంగా దొరుకుతున్నాయి. బడి వార్షిక సంచికను పాత డీటీపీ ఖతుల్లో కొట్టించి ఆ పాఠాన్ని ఫోనులో పంపితే గజిబిజి గుర్తులే వస్తాయి. ఈసారి ప్రెస్సువాళ్లను యూనికోడ్‌లో అడగండి.

ఇక రెండో రకం, వస్తువుల ప్రదర్శన. ఇక్కడే బాధ ఉంది. షోలాపూర్‌లో మన పిల్లల తల్లులు ఎందరో బీడీలు చుడతారు, తండ్రులు మగ్గాల మీద ఉంటారు. ఖరీదైన పెన్నుల డబ్బా చూసిన పిల్ల ఆ రాత్రి ఇంట్లో ఏం అడుగుతుందో, అమ్మ ఏం జవాబు చెబుతుందో మనకు తెలుసు. అలాగని పిల్లకు తన వస్తువు మీద ఉండే ఇష్టం తప్పు కాదు. రోజూ వాడే పెన్ను మీద ఇష్టం మనకూ ఉంది. ఏ పెన్ను రాస్తే చెయ్యి నొప్పి పుట్టదో చెప్పుకోవడానికి స్టాఫ్ రూములో మనమే అరగంట తీసుకుంటాం.

కాబట్టి 'నీ దగ్గర ఏముంది' అన్న ప్రశ్నను 'మీ ఇంట్లో రోజూ చేతిలో ఉండే వస్తువు ఏది' అని మార్చి చూద్దాం. కొన్నది కాకుండా వాడుతున్నది చూపించమందాం. బీడీల చాట, కత్తెర, తునికాకు కొలతకు పెట్టే రేకు. మగ్గం ఇంట్లో కండె, నాడె. హోసూరు పల్లెల్లో సంగటి కెలికే తెడ్డు, యానాంలో పడవ తెడ్డు. ఈ రెండు ఫొటోలు పక్కపక్కన పెడితే ఒకే మాట రెండు ఊళ్లలో రెండు పనులు చేస్తోందని పిల్లలే కనిపెడతారు, ఏ పాఠ్యపుస్తకమూ ఆ పని చేయదు. ఫొటో తీయడానికి ఇంట్లోవాళ్లకు ఇష్టం లేకపోతే పిల్ల బొమ్మ గీస్తుంది. అదే ఇంకా మంచిది.

ఇలా వచ్చిన రాతలను సార్లు, టీచర్లు దిద్దే తీరు గురించి ఒక మాట. అక్షరదోషం దిద్దండి, ఇంటి మాట దిద్దకండి. 'చాట' అని రాస్తే 'చేట' అని కొట్టేయడం వల్ల ఆ పిల్ల తెలుగు మెరుగుపడదు. అమ్మ మాట తప్పని నేర్చుకుంటుంది, అంతే. వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి పంతులు ఏళ్ల తరబడి పాఠాలు చెప్పిన పర్లాకిమిడి ఇవాళ ఒడిశాలో ఉంది. అక్కడే ఆయన సవరల భాష నేర్చుకుని వాళ్ల పిల్లలకు వాళ్ల మాటల్లోనే పుస్తకాలు తయారుచేశారు. స.వెం. రమేశ్ 'ప్రళయకావేరి కథలు' పులికాట్ తీరపు తెలుగును ఆ తీరులోనే అచ్చుకెక్కించింది. మరో ఉదాహరణ కొంచెం గుచ్చుకుంటుంది. కోవిల్‌పట్టి దగ్గరి ఇడైసెవల్‌లో తెలుగు ఇంట పుట్టిన కి. రాజనారాయణన్ తన కరిసల్ నేల మాటలకు నిఘంటువు కూర్చారు, దక్షిణానికి వలస వచ్చిన తెలుగువాళ్ల కథను నవలగా రాశారు, 1991లో సాహిత్య అకాడమీ అవార్డు పొందారు. అదంతా తమిళంలో. తమిళానికి అది భాగ్యమే. మన బడుల్లో కూర్చున్న అలాంటి పిల్లవాడికి తెలుగులోనూ రాసే చెయ్యి ఉండాలన్నదే మన తాపత్రయం.

జాగ్రత్తలు చెప్పకుండా వదలలేం. బొమ్మ పెట్టవచ్చు, మొహం అక్కర్లేదు. పేరులో మొదటి మాట, తరగతి చాలు. యూనిఫాం బ్యాడ్జీ, ఇంటి నంబరు, వీధి, పిల్ల ఏ వేళకు ఒంటరిగా బయల్దేరుతుందో తెలిసే వివరం ఫొటోలో రాకూడదు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 18 ఏళ్లు నిండనివారందరినీ పిల్లలుగానే లెక్కిస్తుంది, వారి సమాచారానికి తల్లిదండ్రుల అనుమతి అంటుంది. బడి తరఫున ఏదైనా పెట్టేముందు ఇంటి నుంచి సంతకం తీసుకోవడం మర్యాద కూడా. ఇంకొకటి, మనవాళ్లు పట్టించుకోనిది: పిల్ల సొంతంగా రాసిన కవిత మీద, గీసిన బొమ్మ మీద హక్కు 1957 కాపీరైటు చట్టం ప్రకారం ఆ పిల్లదే. పేరు తీసేసి బడి క్యాలెండరు మీద వేసుకోకూడదు. ఎక్కడో దొరికింది తెచ్చి తనదంటే ఆ సంగతి పిల్లకూ అప్పుడే చెప్పాలి. ఇంట్లో పెద్దలు రాసిచ్చి పిల్ల పేరు పెట్టడం కూడా ఆ కోవలోదే.

ఆగస్టు 29 గిడుగు జయంతి, తెలుగు భాషా దినోత్సవం. దండ వేసి ఉపన్యాసం పెట్టే ఆ రోజున ఈసారి ఒక్కో బడి నుంచి పది వస్తువులు కోరుతున్నాం. వస్తువు ఫొటో లేదా బొమ్మ, ఇంట్లో దాన్ని పిలిచే పేరు, దాన్ని ఎవరు ఎలా వాడతారో నాలుగు వాక్యాలు. పిల్ల చేతిరాత ఫొటోతో పాటు అదే పాఠం తెలుగు అక్షరాల్లో టైపు చేసి ఉండాలి, రేపు ఎవరైనా వెదికితే దొరకాలి కదా. టైపు చేయడం తల్లిదండ్రులు చేసినా సరే. బడుల వాట్సాప్ గ్రూపుల్లో ఒక బడివి మరో బడికి పంపుకుందాం. హోసూరు పిల్లలు కండె అంటే ఏమిటని అడిగితే షోలాపూర్ పిల్లలు జవాబు రాస్తారు.