ఆటల గంట

హైదరాబాదు నగరమున లక్డీకాపూల్ అను పేటకు ఆ పేరు ఒకనాటి కట్టెవంతెనను బట్టి వచ్చినది. నేడచ్చట తలపైన మెట్రో రైలు, క్రింద ఎడతెగని బండ్లబారు. ఆ దాపుననే నాంపల్లి పబ్లిక్ గార్డెన్సు కలదు. అట్టి తోటలలో గిరగిర తిరిగి పచ్చికపై పడి నవ్వు పిల్లలను చూచి, కాలము వృథా చేయుచున్నారని పెద్దలు విసుగుకొనుట కద్దు. అది పొరపాటు.

చెవి వినుటకు మాత్రమే ఏర్పడినది కాదు. లోపలి చెవిలో మూడు అర్ధవర్తుల కుల్యలు కలవు. తల త్రిప్పినపుడెల్ల వానిలోని ద్రవము కదలి సన్నని రోమకణములను వంచును. ఆ వార్త నాడి ద్వారమున మెదడునకు చేరును. వాని చెంతనున్న రెండు చిన్న సంచులలోని సున్నపు స్ఫటికములు తల యొరుగుటను తెలుపును. ఈ అవయవమును గూర్చి పరిశోధించిన వియన్నా వైద్యుడు రాబర్ట్ బరానీకి 1914వ సంవత్సరపు నోబెల్ బహుమానము లభించినది.

దీనికిని చదువునకును సంబంధమేమి? తల కదలినను చూపు చెదరకుండుట ఈ జ్ఞానము చలవయే. నల్లబల్ల నుండి పుస్తకమునకు తల త్రిప్పు బాలునకు అక్షరము నిలుచుట దీని వలననే. నిటారుగా కూర్చుండుటకు మెడయు వెన్నును దీని సాయమునే కోరును. కూర్చుండుటకే పాటుపడు బాలునకు పాఠముపై మనసు నిలుచుట కష్టము.

ఒప్పులకుప్ప తిరిగినంత మాత్రమున ఎక్కములు రావు. వానిని వల్లించియే నేర్వవలెను. కాని వల్లించు బాలునకు నిలకడ నిచ్చునది ఆటయే. ఈ శాస్త్ర మెరుగకయే మన పూర్వులు పిల్లలను తొక్కుడుబిళ్ళ, కోతికొమ్మచ్చి ఆడనిచ్చిరి. అట్లతద్దికి ఉయ్యాలలు కట్టిరి.

బడికి ఆటస్థల ముండవలెనని 2009 నాటి విద్యాహక్కు చట్టము విధించినది. పిల్లలు దినమునకు సగటున 60 నిమిషములైనను చురుకుగా మెదలవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పినది. అయినను మేడగదులలో ఇరుకుగా నడచు బడులు నగరమున కలవు. పరీక్షలు దగ్గరపడినంతనే ఆటల గంట లెక్కల గంటగా మారుటయు కలదు. స్థలము చాలని బడియైనను నేలపై సుద్దతో గీతలు గీసి తొక్కుడుబిళ్ళకు తావీయవచ్చును. వారమున కొకసారి దగ్గరి తోటకు పిల్లలను నడిపింపవచ్చును.

ఆటల గంటను కోసి చదువునకు చేర్చువారు వేరు నరికి కొమ్మకు నీరు పోయుచున్నారు.