ఉండనివ్వడం దయ కాకూడదు

నెల్లూరు తీరం మిషనరీలు వచ్చిన చోటే కాదు, మిషనరీలను పంపిన చోటు కూడా. అమెరికన్ బాప్టిస్టు శామ్యూల్ డే 1840లో నెల్లూరులో మకాం పెట్టాడు. ఆ మిషన్ నీడలో పెరిగిన తెలుగు సంఘాలే 1903లో జాన్ రంగయ్యను తమ ఖర్చుతో దక్షిణాఫ్రికాలోని నటాల్‌కు పంపాయి. చెరకు, తేయాకు తోటల్లోని తెలుగు కూలీల మధ్య ఆయన 1915లో చనిపోయేదాకా పనిచేశాడు. ఇవాళ తెలుగు ఫాదర్లు, పాస్టర్లు అమెరికా చర్చిల్లో గ్రీన్‌కార్డు కోసం ఎదురుచూస్తున్నారు. రాకపోకల ఈ రెండు చరిత్రలనూ పక్కపక్కన పెట్టి చూస్తే ఒకటి తేటపడుతుంది. పరాయి గడ్డపై మత సేవకుడు ఉండాలో పోవాలో తేల్చింది అతని సేవా కాదు, అక్కడ గడిపిన ఏళ్లూ కాదు. చేతిలోని పాస్‌పోర్టు, ఆనాటి ప్రభుత్వ అవసరం. మారాల్సింది ఇదే.

అమెరికన్ మిషనరీ అడోనిరామ్ జడ్సన్ 1812లో కలకత్తాలో దిగితే ఈస్టిండియా కంపెనీ వెళ్లిపొమ్మంది. ఆయన చివరికి బర్మా చేరాడు. మరుసటి ఏడాది వచ్చిన చార్టర్ చట్టం మిషనరీలకు తలుపు తెరిచింది, అదీ లైసెన్సు మీద. జడ్సన్ పోషణకు 1814లో ఏర్పడిన బాప్టిస్టు సంస్థే తర్వాత డేని తెలుగు దేశానికి పంపింది. ఒకే బోధకు ఒకనాడు బహిష్కారం, ఇంకోనాడు స్వాగతం. గూడూరు, నాయుడుపేట, సూళ్లూరుపేట ప్రాంతాల్లో 1860ల నుంచి ఉన్న హెర్మన్స్‌బర్గ్ లూథరన్ల కథ ఇంకా సూటిగా ఉంటుంది. 1914లో యుద్ధం రాగానే ఆ జర్మన్లు శత్రుదేశస్థులయ్యారు. నిర్బంధాలు, స్వదేశానికి పంపడాలు మొదలయ్యాయి. వారి పని అమెరికాలోని ఒహాయో లూథరన్ల చేతికి వెళ్లింది. అర్ధశతాబ్ది నివాసం పాస్‌పోర్టు రంగు ముందు నిలబడలేదు. నటాల్‌లోనూ అంతే. ఒప్పందం తీరాక అక్కడే ఉండిపోయే కూలీపై 1895 చట్టం ఏటా 3 పౌండ్ల పన్ను వేసింది. కొత్తగా వచ్చే వారు యూరప్ భాషల్లో ఒకదాని లిపిలో దరఖాస్తు రాయాలని 1897 చట్టం షరతు పెట్టింది. చదువుకున్న పాదిరి దాటగల ఆ గడప సాటి రైతుకు గోడ.

స్వతంత్ర భారతంలో ఈ ప్రశ్న సుప్రీంకోర్టుకే చేరింది. లూయీ డి రేట్ అనే బెల్జియన్ మిషనరీ 1937లో వచ్చి ఇక్కడే ఉన్నాడు. 1987లో దేశం వదలమన్నారు. రాజ్యాంగం అమల్లోకి వచ్చేనాటికే తాను ఇక్కడి స్థిరనివాసినని ఆయన వాదించాడు. 1991లో కోర్టు ఒప్పుకోలేదు. ఎన్నేళ్లు ఉన్నాడన్నది చాలదు, శాశ్వతంగా ఉండాలన్న ఉద్దేశం రుజువు కావాలంది. విదేశీ పాస్‌పోర్టుపై ఎప్పటికప్పుడు తీసుకున్న నివాస అనుమతులే ఆయనకు ఎదురుతిరిగాయి. అంటే చట్టాన్ని పాటించి కూడబెట్టిన కాగితాలే చట్టం ముందు అతన్ని అతిథిగా మిగిల్చాయి. దీనికి పక్కనే విన్సెంట్ ఫెర్రర్ ఉన్నాడు. 1968లో మహారాష్ట్ర నుంచి పంపించేసిన ఈ స్పానిష్ జెసూట్‌ను జనం గొడవ చేయడంతో, ఇందిరాగాంధీ చొరవతో తిరిగి రానిచ్చారు. 1969లో అనంతపురం చేరి, 2009లో అక్కడే కన్నుమూశాడు. ఒకరికి దయ దొరికింది, ఒకరికి దొరకలేదు. హక్కు మాత్రం ఇద్దరికీ లేదు.

అమెరికాలో మన ఫాదర్ల స్థితి దీనికి అద్దం. మత సేవకులకిచ్చే ఆర్‌-1 వీసా గడువు గరిష్ఠంగా అయిదేళ్లు. గ్రీన్‌కార్డుకు ఈబీ-4 వరుసలో నిలబడాలి. ఆ కోటా ఏటా సుమారు 10 వేలే, పైగా అందులో పాదిరులే కాక ఇతర ప్రత్యేక వర్గాలూ ఉన్నాయి. 2023లో మూడు మధ్య అమెరికా దేశాల దరఖాస్తులను ఉమ్మడి వరుసలో కలపడంతో నిరీక్షణ అయిదేళ్లను మించిపోయింది. హెచ్‌-1బీ ఇంజినీరుకు గ్రీన్‌కార్డు తేలేదాకా పొడిగింపు ఉంటుంది, ఫాదరుకు లేదు. గడువు తీరితే దేశం దాటి ఏడాది ఆగాలన్న నిబంధనను 2026 జనవరిలో ఎత్తేశారు గానీ అయిదేళ్ల గడువు అలాగే ఉంది.

ఎవరిని ఉండనివ్వాలో నిర్ణయించుకునే అధికారం ప్రతి దేశానికీ ఉందని అంటారు. నిజమే. విదేశీయుణ్ణి పంపే అధికారం కేంద్రానికి పూర్తిగా ఉందని 1955లోనే హాన్స్ ముల్లర్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అయితే అధికారం ఉండటం వేరు, కారణం చెప్పకుండా వాడటం వేరు. మతమార్పిడి మాటేమిటన్నది రెండో అభ్యంతరం. ప్రచార హక్కులో మార్పిడి చేసే హక్కు లేదని 1977లో స్టెయిన్స్‌లాస్ కేసు తేల్చింది. బలవంతం, ప్రలోభం జరిగితే ఆ మనిషిని రుజువుతో శిక్షించాలి. అనుమానంతో వర్గమంతటినీ ఏటేటా వీసా కత్తి కింద ఉంచడం న్యాయం అనిపించుకోదు. ఉండాలనుకుంటే పౌరసత్వం తీసుకోవచ్చు కదా అన్నది మూడోది. దారి ఉంది. 1955 చట్టం ప్రకారం సాధారణంగా 12 ఏళ్ల నివాసం, సొంత పౌరసత్వం వదులుకోవడం, ఆపై ప్రభుత్వ విచక్షణ. ఇక శాశ్వత నివాస హోదా 2016లో మనమూ తెచ్చాం, 18 నెలల్లో కనీసం 10 కోట్ల రూపాయల పెట్టుబడి తెచ్చే విదేశీయుడికి. డబ్బుకు గీసిన దారి సేవకు గీయలేదు.

కావలసింది పాదిరులకు ప్రత్యేక వరం కాదు. ఏ మతం వారైనా సరే, ఇన్నేళ్లు చట్టబద్ధంగా ఉంటే స్థిరనివాసం అడగవచ్చని రాసి ఉన్న గడువు, కాదంటే రాతపూర్వక కారణం, దానిపై అప్పీలు. నెల్లూరు నుంచి వెళ్లిన ఫాదరుకు అమెరికాలో ఏది న్యాయమని కోరుతున్నామో, ఇక్కడికి వచ్చి ముసలివాడైన విదేశీయుడికి మన చట్టంలో అదే రాయాలి.