చనుమొన నుంచి స్రావం: దాచుకోవద్దు, అనుమానించొద్దు



సైనిక్‌పురి, కాప్రా, ఈసీఐఎల్ చుట్టుపక్కల రూములు తీసుకుని, హాస్టళ్లలో ఉండి చదువుకుంటున్న మనోళ్లు చాలామందే ఉన్నారు. నోటిఫికేషన్లు, స్కాలర్‌షిప్‌లు, పోడు పట్టాల గురించి రోజూ మాట్లాడుకుంటాం. ఆడపిల్లల ఆరోగ్యం దగ్గరికి వచ్చేసరికి గ్రూపంతా సైలెంట్. అందుకే ఈ పోస్టు. తమ్ముళ్లు కూడా చివరిదాకా చదవండి.

పెళ్లికాని అమ్మాయికి చనుమొన నుంచి పాలలాంటిది వస్తే, మొదట పట్టుకునే భయం జబ్బు గురించి కాదు, "నన్ను ఏమనుకుంటారో" అని. తండా అయినా, గూడెం అయినా, సిటీ హాస్టల్ అయినా అందరి కళ్లలో మొదట కనిపించేది అనుమానమే. దాంతో అమ్మకూ చెప్పదు, డాక్టర్ దగ్గరికీ పోదు. మా అభిప్రాయం సూటిగా చెప్తున్నాం: చాలాసార్లు ఆ స్రావం కన్నా ఈ అనుమానమే ఎక్కువ ప్రమాదం.

గర్భం లేకుండా కూడా పాలు వస్తాయి. మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి నుంచి ప్రొలాక్టిన్ అనే హార్మోన్ ఎక్కువగా విడుదలైతే వస్తాయి. థైరాయిడ్ సరిగా పనిచేయకపోయినా రావచ్చు. వాంతులకు, గ్యాస్‌కు మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే డోమ్‌పెరిడాన్, మానసిక సమస్యలకు ఇచ్చే కొన్ని మాత్రలు కూడా కారణం కావచ్చు. (డాక్టర్ రాసిన మందుల్ని సొంతంగా ఆపేయొద్దు, వెళ్లి అడగండి.) ఇంకా వస్తోందా అని మాటిమాటికీ పిండి చూస్తే అది ఆగదు. రక్తపరీక్షలో చాలావరకు కారణం తెలిసిపోతుంది. డాక్టర్ గర్భ పరీక్ష కూడా రాయొచ్చు. అది అందరికీ రాసేదే, మీ మీద అనుమానంతో కాదు.

రెండు వైపులా, పిండితేనే, పాలలాగానో పచ్చగానో వస్తే చాలావరకు ప్రమాదం ఉండదు. అయినా తగ్గకపోతే చూపించుకోవాలి. కింద చెప్పినవి ఉంటే మాత్రం వాయిదా వేయొద్దు:

- పిండకుండా దానంతట అదే రావడం, అదీ ఒకవైపు నుంచే
- రక్తంతో కలిసి గానీ, నీళ్లలా తేటగా గానీ రావడం
- రొమ్ములో గడ్డ, చర్మం సొట్టపడటం, చనుమొన కొత్తగా లోపలికి పోవడం
- చీము, ఎరుపు, నొప్పి, జ్వరం
- పాలతో పాటు నెలసరి ఆగిపోవడం, తలనొప్పి, చూపు మసకబారడం
- మగవాళ్లకు ఏ స్రావం వచ్చినా

రక్తం కనిపించగానే క్యాన్సర్ అని కుంగిపోవద్దు. పాలనాళంలో పెరిగే చిన్న మామూలు గడ్డ వల్ల కూడా రక్తం వస్తుంది. కానీ ఏదో తేల్చాల్సింది స్కాన్, పరీక్షలే. పసరు మందులు, దిష్టి తీయడాలు కాదు.

ఎక్కడికి పోవాలి? సికింద్రాబాద్‌లో గాంధీ ఆసుపత్రి ఉంది, సర్జరీ ఓపీలో చూపించుకోవచ్చు. క్యాన్సర్ అనుమానం ఉంటే రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. 2023 డిసెంబర్ 9 నుంచి ఆడవాళ్లకు సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం. అదే రోజు ఆరోగ్యశ్రీ పరిమితిని 10 లక్షలకు పెంచారు. ఊళ్లో ఉన్న అమ్మలు, అక్కలు ముందుగా ఏఎన్ఎమ్‌కో ఆశా అక్కకో చెప్పొచ్చు.

డబ్బులు, బస్సు కన్నా మనవాళ్లకు ఎక్కువగా లేనిది తోడు. ఓపీ చీటీ రాయించడానికి, డాక్టర్ చెప్పింది కోయలోనో గోండిలోనో లంబాడీలోనో అమ్మకు అర్థమయ్యేలా చెప్పడానికి చదువుకున్న మనమే ముందుకు రావాలి. ఈసారి పండక్కి ఊరికి పోయినప్పుడు ఆడవాళ్లతో ఈ మాట ఎత్తండి. హాస్టల్లో ఏ చెల్లెలైనా చెప్పుకుంటే "ఎట్లా వచ్చింది?" అని నిలదీయొద్దు. "పొద్దున ఎన్నింటికి పోదాం?" అని అడగండి.